ఎవరి లోకం వారిది: కృష్ణా డెల్టా చివర ఇంద్రియాల సమీక్ష

భాగవతంలో అవధూత తనకు ఇరవై నలుగురు గురువులున్నారని యదురాజుకు చెబుతూ ఏనుగునీ, లేడినీ, చేపనీ, తుమ్మెదనీ, శలభాన్నీ కూడా వాళ్ళలో లెక్కపెట్టాడు. ఆ అయిదింటినీ విడిగా తీసి మన ప్రవచనకారులు ఒక వరసలో చెబుతుంటారు. ఏనుగు స్పర్శకు లోబడి గోతిలో పడుతుంది. లేడి పాటకు చెవి ఒగ్గి వేటగాడికి చిక్కుతుంది. శలభం దీపపు రూపానికి మోజుపడి మాడిపోతుంది. చేప రుచికి పోయి గాలానికి తగులుకుంటుంది. తుమ్మెద పరిమళం వదల్లేక తామరలో బందీ అయిపోతుంది. ఒక్కొక్క ఇంద్రియానికి లొంగితేనే వాటి గతి అదైతే, అయిదూ ఉన్న మనిషి మాటేమిటని ఆ బోధ అడుగుతుంది. వైరాగ్యం చెప్పడానికి పుట్టిన మాట అది, ఆ పని చక్కగా చేస్తుంది. అయితే దాని వెనక ఒక లెక్క కూడా ఉంది: ఇంద్రియాలు అయిదు, ఒక్కో జీవికి వాటిలో ఒకటి బలం, మనిషికి అన్నీ ఉన్నాయి. గత నూరేళ్ళ పరిశోధన ఈ లెక్కను దాదాపు అడుగడుగునా తిరగరాసింది.

ఆ తిరగరాతను చూడటానికి కృష్ణ సముద్రంలో కలిసే ఈ మూల కంటే మంచి చోటు నాకు తెలియదు. గుడివాడ వైపు చేపల చెరువులు, ఆ పైన కొల్లేరు, మధ్యలో వరిచేలు, బందరు దగ్గర గిలకలదిండి రేవు, పెడనలో కలంకారీ బల్లలు, దివిసీమ చివర నాగాయలంక, హంసలదీవి పక్కన మడ అడవులు. ఒక రోజు ప్రయాణంలో మంచినీళ్ళ చేపా, ఉప్పునీళ్ళ సొరా, సైబీరియా నుంచి వచ్చిన పిట్టా, రక్తపింజరీ, బావురు పిల్లీ, ఇన్ని రకాల ప్రాణులు ఎదురయ్యే నేల ఇది. ఒకే గాలీ నీరూ పంచుకుంటున్నా వీటిలో ఏ రెండూ ఒకే లోకంలో బతకడం లేదు.

ఈ సంగతిని మొదట గట్టిగా చెప్పినవాడు జర్మన్ జీవశాస్త్రవేత్త యాకోబ్ ఫాన్ ఉక్స్‌క్యుల్. 1934లో వచ్చిన చిన్న పుస్తకంలో ఆయన తీసుకున్న ఉదాహరణ మన పశువుల కొట్టంలోనూ దొరికేదే: గోమారి. కళ్ళు లేని ఆ పురుగుకు పశువు ఒంటి నుంచి వచ్చే బ్యుటిరిక్ ఆమ్లం వాసన, చర్మపు వెచ్చదనం, వెంట్రుకల తాకిడి, ఈ మూడే తెలుసు. పశువు రంగూ రూపూ, దాని అంబా, కొట్టం పైకప్పు, ఆకాశం, ఇవేవీ దాని లోకంలో లేవు. అది లోపం కాదు. ఆ మూడు కబుర్లతో దాని బతుకు నడిచిపోతుంది. ఈ వ్యాసంలో నేను పట్టుకుని నడిచే దారి ఇదే: ఎవరికి ఎక్కువ తెలుసు, ఎవరికి తక్కువ తెలుసు అని పోటీ పెట్టడం వల్ల ఏమీ తేలదు. ఏ కబురు మీద బతుకు ఆధారపడిందో ఆ కబురే ఏ ప్రాణికైనా అందుతుంది. మనిషి కూడా ఆ కట్టుబాటుకు లోబడినవాడే.

చేపతో మొదలుపెడదాం. అవధూత దానికి రుచి ఇచ్చాడు, అది నిజంగానే సరైన చోట పెట్టిన వేలు. వాలుగ, జెల్ల, మార్పు లాంటి మీసాల చేపలు నోటితో మాత్రమే రుచి చూడవు. ఈ జాతుల్లో బాగా పరిశోధించిన అమెరికా చేప ఒకదానికి మీసాల మీద, పెదవుల మీద, రెక్కల మీద, ఒళ్ళంతా కలిపి లక్షకు పైగా రుచిమొగ్గలున్నాయని లెక్క. మన నాలుక మీద ఉండేవి కొన్ని వేలు. బురద నీటిలో, చీకటిలో, ఎర ఎటు పక్క ఉందో అది ఒంటితోనే రుచి చూసి తెలుసుకుంటుంది. ఆ చేపకు రుచి అంటే దిక్కు కూడా.

కానీ చేపను రుచికే కట్టిపడేస్తే దాని లోకంలో చాలాభాగం తప్పిపోతుంది. గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబంలో ఈతతిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల వరస ఉంటుంది. జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ వెబర్ 1820లో దాన్ని గుర్తించాడు. గాలి నిండిన తిత్తి నీటిలోని చప్పుడుకు కంపిస్తుంది, ఆ ఎముకలు ఆ కంపనాన్ని చెవికి అందిస్తాయి. అందుకే మిగతా చేపల్లో చాలావాటి కంటే వీటికి చెవి చురుకు. పక్కలమ్మట తల నుంచి తోక దాకా సాగే గీత ఇంకో ఇంద్రియం. నీటి కదలికను అది పట్టుకుంటుంది, మందలో పక్క చేప ఎటు తిరిగిందో చెబుతుంది. మనకు దానికి సాటి వచ్చే అవయవమే లేదు. ఇంకొకటి: 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒక చిన్న చేపకు తగిలిన గాయం తక్కిన మందనంతా బెదరగొట్టడం గమనించాడు. తెగిన చర్మం నుంచి నీటిలో కలిసిన రసాయనమే ఆ కేక. కర్రలకు వేలాడదీసిన చిల్లుల సంచుల్లో తవుడు కట్టి మేపే మన చెరువుల్లో, ఆ సంచి చుట్టూ చేపలు మూగినప్పుడు వాసన, రుచి, చప్పుడు, నీటి తోపు, పక్కదాని భయం, అన్నీ కలిసిన ఒక గుంపు సమాచారం అక్కడ తిరుగుతోందన్న మాట.

ఆ చెరువుల దగ్గరే మనిషి ముక్కు గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎందుకంటే దాన్ని మనం చాలా చిన్నచూపు చూశాం. మనిషికి వాసన శక్తి పోయిందనీ, అది కుక్కల సొత్తనీ పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా కాలం నుంచి పాతుకుపోయిన అభిప్రాయం. 2017లో జాన్ మెక్‌గాన్ అనే శాస్త్రవేత్త ఆ చరిత్రనంతా తవ్వి, దానికి ఆధారం చాలా పలచనని చూపించాడు. దానికి మన వంటింట్లోనే రుజువుంది. చెరువు చేపకు ఒక్కోసారి బురద వాసన వస్తుంది. తొలకరి జల్లుకు లేచే మట్టి వాసనకూ దీనికీ కారణం ఒకటే, జియోస్మిన్ అనే పదార్థం. మట్టిలో కొన్ని సూక్ష్మజీవులూ, చెరువులో నీలిఆకుపచ్చ నాచూ దాన్ని తయారు చేస్తాయి. చేప కొవ్వులో అది పేరుకుంటుంది. లీటరు నీటిలో గ్రాములో పదికోట్లవ వంతు ఉన్నా మనిషి ముక్కు పసిగట్టేస్తుంది. పట్టిన చేపను కొన్నాళ్ళు మంచి నీటిలో ఉంచితే వాసన తగ్గుతుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విడిపోయి వాసన లేని పదార్థంగా మారుతుంది. చింతపండు పులుసులో చేపను ఉడికించే మన అమ్మమ్మలకు ఈ రసాయనశాస్త్రం పేరు తెలియకపోయినా ఫలితం కచ్చితంగా తెలుసు. పైగా ఈ వాసన మన కోసం పుట్టింది కూడా కాదు. మట్టిలో ఉండే బొట్టంత గెంతే పురుగులను ఆ సూక్ష్మజీవులు దీనితో పిలిచి, వాటి ఒంటికి తమ విత్తులను అంటించి పంపుతాయని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది. తొలకరి రోజున మనం ఆనందించేది పరాయివాళ్ళ ఉత్తరం.

ముక్కు లోపల పనిచేసే గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనిపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. మనిషిలో పనిచేసేవి సుమారు 400. ఏనుగులో దాదాపు 2000. అవధూత స్పర్శకు అప్పగించిన ఏనుగుకు లోకమంతా ముక్కులోనే ఉందన్నమాట.

తుమ్మెదకు వాసన ఇచ్చారు సరే, పరిమళంతో నిజంగా ప్రాణం మీదకు తెచ్చుకునే పురుగు వరిచేలో ఉంది. కాండం తొలిచే పురుగు రెక్కల దశలో ఆడది విడిచే వాసనకు మగది గాలికి ఎదురెగిరి వస్తుంది. ఇలాంటి పదార్థాన్ని మొదటిసారి విడదీసినవాడు అడాల్ఫ్ బుటెనాన్ట్. అయిదు లక్షల పట్టుపురుగు చిలకల నుంచి చిటికెడు కూడా రాని ఆ మందును 1959లో తేల్చాడు. ఇప్పుడు డెల్టా రైతు చేలో పెట్టే లింగాకర్షక బుట్టలు ఆ పనికి వారసులు. పురుగుమందు చల్లడం కంటే ఇది నాకు ఎప్పుడూ గౌరవమైన పద్ధతిగా కనిపిస్తుంది, ఎందుకంటే ముందు ఆ పురుగు లోకం ఏమిటో తెలుసుకుంటేగాని ఈ బుట్ట తయారు కాదు.

తుమ్మెద విషయంలో అసలు ఆశ్చర్యం చూపులో ఉంది. కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1914లో రంగు కాగితాల మీద తేనెటీగలకు తీపి అలవాటు చేసి, వాటికి రంగులు తెలుస్తాయని నిరూపించాడు. తరవాతి పనిలో వాటి లోకపు హద్దులు కూడా తేలాయి: మన ఎరుపు వాటికి లేదు, మనకు లేని అతినీలలోహితం వాటికి ఉంది. మనకు ఒకే పసుపుగా కనిపించే పువ్వు మధ్యలో వాటికి తేనె దారి గీసి ఉంటుంది. ఇంకా ముందుకు వెళ్ళి హేమా సోమనాథన్, రెనీ బోర్జెస్, స్వీడన్ పరిశోధకులతో కలిసి పడమటి కనుమల్లోని భీమశంకర్ అడవిలో రాత్రి తిరిగే ఒక తుమ్మెదను పరీక్షించారు. నక్షత్రాల వెలుగు మాత్రమే ఉన్నప్పుడు కూడా అది రంగులను వేరు చేయగలదని 2008లో ప్రకటించారు. అంత చీకట్లో మనకు రంగే ఉండదు, అన్నీ బూడిదరంగే.

ఎరుపు మాట వచ్చింది కనుక బందరు దగ్గర కాస్త ఆగాలి. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ కోఠీ పెట్టడానికీ, వాళ్ళకంటే ముందే డచ్చివాళ్ళు రావడానికీ కారణమైన అద్దకం గుడ్డలకు ప్రాణం ఎరుపే. తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు ఆ రంగు ఇచ్చేది. కరక్కాయ నీళ్ళలో గుడ్డ తడిపి, పటిక ముద్ర వేసి, వేరు రసంలో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు నలుపు ఇస్తాయి. ముద్ర వేసేటప్పుడు పటిక రంగు కనీకనిపించకుండా ఉంటుంది, ఉడికాకే ఎరుపు బయటపడుతుంది. మరుగుతున్న డేగిశాలో గుడ్డ ఏ క్షణాన తీయాలో పెడన పనివాళ్ళు కంటితో తేలుస్తారు. ఎరుపులో అంత సన్నని తేడాలు పట్టే కన్ను మన జాతికీ, మన దగ్గరి చుట్టాలైన కోతులకూ ఉంది, పాలిచ్చే జంతువుల్లో చాలావాటికి లేదు. మన కంటి తెర మీద రంగు పట్టే కణాలు మూడు రకాలు. కుక్కకూ ఆవుకూ ఎద్దుకూ రెండే. ఎర్ర గుడ్డ చూసి ఎద్దు రెచ్చిపోతుందన్న మాటకు ఆధారం లేదు, దానికి ఆ ఎరుపు మసక మట్టిరంగుగా కనిపిస్తుంది. రెచ్చగొట్టేది గుడ్డ కదలిక.

కోడి సంగతి దీనికి తలకిందులు. దాని కంటిలో రంగు పట్టే కణాలు నాలుగు రకాలు, వాటిలో చాలావాటి ముందు రంగు నూనెచుక్క ఒకటి వడపోత పనిచేస్తుంది. సంక్రాంతికి మనవాళ్ళు డేగ, కాకి, నెమలి, సేతు అని ఈక రంగును బట్టి పేర్లు పెట్టి పందెం కాస్తారు. ఆ ఈకల మీద అతినీలలోహితంలో ఏముందో ఆ రెండు కోళ్ళకే తెలుసు, చుట్టూ మూగిన జనానికి తెలియదు. కోడి కూత కూడా వెలుగు చూసి పెట్టేది కాదని, లోపలి గడియారం ప్రకారం కూస్తుందని 2013లో జపాన్ శాస్త్రవేత్తలు ఎప్పుడూ ఒకే మసక వెలుగుండే గదుల్లో ఉంచి తేల్చారు.

శలభం మీద వేసిన నింద కూడా ఈమధ్యే తొలగింది. దీపం దాన్ని మోహపెట్టడం లేదు. 2024లో శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధీ బృందం అతివేగపు కెమెరాలతో తీసిన చిత్రాల్లో, దీపం దగ్గరికి వచ్చిన పురుగు తన వీపును వెలుగు వైపు తిప్పుతూ ఉండటం కనిపించింది. కోట్ల ఏళ్ళుగా రాత్రి పూట వెలుగున్న దిక్కు ఆకాశమే, కనుక వీపు అటు ఉంచితే ఎగరడం సవ్యంగా సాగేది. పక్కన దీపం వెలిగేసరికి దానికి పైకీ కిందకీ తేడా పోయి, ఆ చుట్టూనే తిరుగుతూ చిక్కుకుంటుంది. మన చేలల్లో దీపపు ఎరలు పనిచేసేది ఈ తికమక వల్లే. ప్రవచనంలో మాటను మార్చమని నేను అనను, కానీ మోహంతో చచ్చే పురుగుకూ, దిక్కు తెలియక చచ్చే పురుగుకూ తేడా ఉంది.

చెవి గురించి లేడిని వదిలి పాముతో మాట్లాడదాం, ఎందుకంటే దివిసీమలో ఈ ప్రశ్న ప్రాణాలకు సంబంధించింది. 2018 ఆగస్టులో వానలు, వరినాట్ల మధ్య అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు ఒక్కసారిగా పెరిగి జనం హడలిపోయారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం జరిగింది. భయపడినవాళ్ళకు దేవుడి దగ్గర ధైర్యం దొరకడం చిన్న విషయం కాదు. దానితోపాటు పాముకు ఏమి తెలుస్తుందో, ఏమి తెలియదో కూడా ఊరూరా చెప్పి ఉంటే ఇంకా మేలు జరిగేది.

పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరి లేదు. నేల మీద ఆనించిన కింది దవడ అదురును పట్టి, ఒక సన్నని ఎముక ద్వారా లోపలి చెవికి పంపుతుంది. గాలిలో వచ్చే మంద్ర స్వరాలు కూడా కొంత వినగలదు, పూర్తి చెవుడు కాదు. నాగస్వరానికి ఆడుతున్నట్టు కనిపించే తాచు అసలు ఆ బూర కదలికను కనిపెడుతూ ఉంటుంది. కాబట్టి రాత్రి గట్టు మీద నడిచేటప్పుడు కర్రతో నేల తట్టడం ఊరికే పెట్టిన ఆచారం కాదు, అది పాముకు అర్థమయ్యే భాష. చీలిన నాలుక రెండు కొసలూ గాలిలోని వాసనను రెండు చోట్ల నుంచి తెచ్చి అంగిలిలోని అవయవానికి అందిస్తాయి. ఏ కొసకు ఎక్కువ అంటిందో అటు ఎలుక పోయిందని లెక్క. పొదల్లో ఉండే కొన్ని జాతుల పింజరులకు కంటికీ ముక్కుకూ మధ్య గుంటలుంటాయి, వాటితో వేడిని చూస్తాయి. మన డెల్టాలో ఎక్కువగా కాటేసే రక్తపింజరికి ఆ గుంటలు లేవు.

ఆ రక్తపింజరికి శాస్త్రలోకంలో ఉన్న పేరు విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం చేసిన స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్‌ది. 1796లో ఆయన అచ్చు వేయించిన కోరమండల్ తీరపు పాముల పుస్తకంలో దాన్ని కాటుక రేకుల పొడ అన్న మన పేరుతోనే పరిచయం చేశాడు.

కట్లపాము దగ్గర మాత్రం మనిషి ఇంద్రియమే మోసం చేస్తుంది. అది రాత్రిపూట, తరచు నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, కోరల గుర్తు కంటికి ఆనకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట తడబడటం మొదలయ్యాకగాని తెలియదు. నొప్పి లేదు కనుక ప్రమాదం లేదు అనుకోవడం మన ఒంటికి సహజంగా వచ్చే లెక్క, ఈ పాము విషయంలో ఆ లెక్క ప్రాణం తీస్తుంది. కాలికి బూటు, చేతిలో టార్చి, మంచం, దోమతెర, ఏ కాస్త అనుమానం వచ్చినా విషం విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి. ఈ అయిదు మాటలూ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

రుచుల్లో కూడా ఒక్కొక్కరికి ఒక్కో తలుపు మూసి ఉంటుంది. కృష్ణా అభయారణ్యం మడల్లో నీటిని పంజాతో తట్టి చేపను లేపి పట్టే బావురు పిల్లి మీదే మన అటవీశాఖ గర్వం. పిల్లి జాతి మొత్తానికి తీపి తెలియదు. తీపి పట్టే గ్రాహకానికి కావలసిన రెండు జన్యువుల్లో ఒకటి చెడిపోయిందని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం కనుక్కుంది. బందరు లడ్డు ముందు పెట్టినా నెయ్యి వాసన తప్ప దానికి మరేమీ అందదు. మిరపకాయ కారం మనకు నాలుక మీద మంట, నిజానికి అది రుచి కాదు, వేడిని పట్టే గ్రాహకాన్ని మిరప మోసం చేయడం. డేవిడ్ జూలియస్ 1997లో ఆ గ్రాహకాన్ని కనిపెట్టాడు. పక్షుల్లో అదే గ్రాహకం మిరప మందుకు స్పందించదు. చిలక పండుమిరపను హాయిగా తిని గింజలను దూరాన వేయడం మొక్కకు లాభం.

స్పర్శకు వస్తే ఏనుగు కంటే కొల్లేరు కొంగలు మేలైన పాఠం. ఎర్రకాళ్ళ కొంగ మురికి నీటిలో ముక్కు తెరిచి ముంచి నడుస్తుంది. చేప తగిలిందో లేదో ముక్కు మూసుకుంటుంది. దాని దగ్గరి చుట్టమైన అమెరికా కొంగ మీద 1964లో కొలిస్తే ఆ మూత పడటానికి సెకనులో నలభయ్యో వంతు పట్టింది. కన్ను చూసి మెదడు చెప్పే వ్యవహారం అంత వేగంగా సాగదు. తెడ్డుమూతి కొంగది కూడా ఇదే వృత్తి. చలికాలంలో కృష్ణ మూతి దగ్గర బురదమేటల మీద దిగే పొడుగు ముక్కుల వలస పిట్టలు చూడటానికి ఊరికే పొడుస్తున్నట్టుంటాయి. ఈ రకం పిట్టల్లో ఒకదాని మీద డచ్చి శాస్త్రవేత్త టెయూనిస్ పీర్స్మా 1998లో చేసిన పరీక్షలో, తడి ఇసుకలో ముక్కు గుచ్చినప్పుడు నీరు సర్దుకునే తీరును బట్టి, తాకకుండానే గుల్ల ఎక్కడుందో అది పసిగడుతుందని తేలింది. తడి ఇసుక ఎండిపోతే ఆ విద్య పనిచేయదు.

మనిషి విషయంలో అవధూత లెక్కలో లేని ఒక ఇంద్రియానికి ఊరే ఉంది: కూచిపూడి. తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు నిలిపి, ఒక్కోసారి తల మీద నీళ్ళ చెంబు పెట్టుకుని, తాళానికి జరుగుతుంది. పాదం ఎక్కడుందో చూడదు. కండరాలూ కీళ్ళూ తమ ఒంపును తామే చెబుతుంటాయి, చెవి లోపలి ద్రవం తల వాలును చెబుతుంది. ఒంటి స్థితి తెలిపే ఈ ఇంద్రియానికి మూలమైన గ్రాహకాన్ని ఆర్డెమ్ పటపూషియన్ బృందం 2010లో గుర్తించింది, జూలియస్‌తో కలిసి ఆయన 2021లో నోబెల్ పంచుకున్నాడు. పుట్టుకతోనే ఆ గ్రాహకం లేనివాళ్ళు కళ్ళు మూసుకుంటే నిలబడలేరు, చెయ్యి ఎక్కడుందో చెప్పలేరు. మనలో ప్రతివాళ్ళకూ అడుగడుగునా పనిచేసే దాన్ని జ్ఞానేంద్రియాల పట్టికలో చేర్చకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపిస్తుంది. అది ఎప్పుడూ తప్పనందువల్లే కంటికి ఆనలేదు.

ఇంకా రెండు లోకాలు మనకు పూర్తిగా బయట ఉన్నాయి. గిలకలదిండి రేవులో దిగే సొరలు, టేకుల మూతి మీద సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. ఇటలీవాడు స్టెఫానో లోరెంజీనీ 1678లోనే వాటిని వర్ణించాడు, కానీ అవి దేనికో తేలడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. 1971లో ఆడ్రియానస్ కాల్మిన్, ఇసుకలో దాగిన చేప గుండె, మొప్పల కదలికల నుంచి వెలువడే విద్యుత్తును సొరలు పట్టుకుంటాయని చూపించాడు. వాసన రాకుండా చేసినా, కంటికి కనబడకపోయినా అవి నేరుగా ఆ చోటికే వెళ్ళాయి.

రెండోది అయస్కాంతం. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు నాగాయలంక, కోడూరు తీరపు దిబ్బల మీద జనవరి తరవాత గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ ఆ గుడ్లను కంచెల్లో కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదులుతుంది. సముద్రపు తాబేళ్ళు భూమి అయస్కాంత క్షేత్రంలోని వాలునూ బలాన్నీ బట్టి దారి తెలుసుకుంటాయని కెన్నెత్ లోమన్ అమెరికాలో మరో జాతి తాబేలు పిల్లల మీద పరీక్షలు చేసి నిరూపించాడు. కొలనులో ఉంచి, సముద్రంలో దూరాన ఉన్న చోటి క్షేత్రాన్ని చుట్టలతో సృష్టిస్తే, అక్కడున్నప్పుడు ఎటు ఈదాలో అవి అటే ఈదాయి. తల్లి ఏళ్ళ తరవాత పుట్టిన తీరానికి తిరిగి రావడానికి కూడా ఈ గుర్తే తోడని ఆయన వాదన.

అయితే గుడ్డు నుంచి బయటపడ్డ పిల్లకు మొదటి పది నిమిషాల్లో అయస్కాంతం కంటే వెలుగు ముఖ్యం. రాత్రి ఇసుక మీద ఏ దిక్కు వెలుతురుగా కనిపిస్తే అటు పాకుతుంది, దీపాల్లేని ఒడ్డున అది సముద్రమే. ఒడ్డు మీద దీపం వెలిగితే అది అటు నడిచి, ఎండకో కుక్కకో పీతకో బలవుతుంది. 2023లో పనులు మొదలైన బందరు కొత్త రేవుతో, ఆ వెంబడి వచ్చే రోడ్లతో, రిసార్టులతో ఈ తీరానికి రాత్రిళ్ళు వెలుగు పెరగబోతోంది. అభివృద్ధి వద్దనేవాణ్ణి కాను, రేవు కోసం బందరు ఎన్ని తరాలు ఎదురుచూసిందో నాకు తెలుసు. కానీ ఒడ్డు దీపాలకు పైకప్పు వేసి వెలుగు నేలకే పడేట్టు చేయడం, తెలుపుకు బదులు ఎర్రటి నారింజ కాంతి వాడటం, పిల్లలు పుట్టే నెలల్లో ఆర్పేయడం, ఇవన్నీ ఖర్చు తక్కువ పనులు. తాబేలు చూపు గురించి ఒక్క ఇంజనీరు ముందే తెలుసుకుంటే చాలు.

ఇక ఈ ప్రాంతంలో ఇంద్రియాల ప్రశ్న మొత్తం వచ్చి ఆగే చోటు ఒకటుంది. 1977 నవంబరు 19. ఆనాటి ఉప్పెన సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచి దివిసీమ లోపలి ఊళ్ళ దాకా వచ్చింది, పదివేల మందికి పైబడి చనిపోయారు. అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది. పశువులకు ముందే తెలిసిందనీ, పక్షులు వెళ్ళిపోయాయనీ ఇలాంటి విపత్తుల తరవాత ఎప్పుడూ చెప్పుకుంటారు. అందులో నిజమెంత? కొంత ఉంది. పావురాలు మనకు వినపడని అతి మంద్ర ధ్వనులను, సెకనుకు ఒక్క అదురు కంటే తక్కువ వాటిని కూడా వినగలవు, దూరపు తుపాను అలల నుంచి అలాంటివే వెలువడతాయి. 2014 ఏప్రిల్‌లో అమెరికాలోని టెన్నెసీలో సుడిగాలులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే ఒక చిన్న పిట్ట జాతి వందల కిలోమీటర్లు దూరం వెళ్ళి తిరిగి రావడం వాటికి కట్టిన చిన్న యంత్రాల్లో నమోదైంది.

కానీ మరో పక్క కూడా చెప్పాలి. 2004 డిసెంబరు సునామీ ముందు ఏనుగులు పారిపోయాయని లోకమంతా రాశారు. శ్రీలంకలోని యాల అడవిలో అప్పటికే మెడకు పరికరాలు కట్టి ఉన్న ఏనుగుల కదలికలను పరిశోధకులు తీసి చూస్తే అలాంటి జాడేమీ కనబడలేదు. విపత్తు తరవాత మన మనసు ముందటి రోజుల్లో కుక్క మొరిగిన జ్ఞాపకాన్నే ఏరుకుంటుంది, మొరిగి ఏమీ జరగని వెయ్యి రాత్రులు గుర్తుండవు. అందువల్ల పశువును చూసి తుపాను చెప్పగలమన్న నమ్మకం మీద నేను ఒక్క ఊరి ప్రాణాలు కూడా పెట్టను.

అదే సునామీ రోజు పొద్దున మంగినపూడి బీచిలో సముద్ర స్నానాలకు వచ్చినవాళ్ళను అలలు లాక్కుపోయాయి. సుమత్రా దగ్గర సముద్రం అడుగున నేల అదిరి రెండు గంటలు దాటినా ఈ ఒడ్డున ఉన్న మనిషికి ఏ ఇంద్రియమూ ఆ కబురు తెచ్చిపెట్టలేదు. ఆ తరవాత మనం కొత్త ఇంద్రియాలు పెట్టుకున్నాం. 2007 నుంచి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం బంగాళాఖాతం అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాల నుంచి రాత్రింబవళ్ళు సంకేతాలు తీసుకుంటోంది. చేప పక్కగీత చేసే పనికి ఇది దగ్గరగా ఉంటుంది. బందరులో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ మబ్బుల్లోకి తరంగాలు పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో వాన చినుకులు ఎంత వేగంతో ఎటు కదులుతున్నాయో లెక్కకడుతుంది. గబ్బిలం దారి వెతుక్కునేదీ అదే సూత్రంతో, దాన్ని డోనాల్డ్ గ్రిఫిన్ 1930ల చివర్లో కనిపెట్టేదాకా ఎవరికీ అంతుపట్టలేదు. ఆ రాడార్ చెప్పింది సొర్లగొంది చివర వల ఆరేసుకుంటున్న మనిషి చెవికి, అతని మాటలో, వలను వదిలి కదలడానికి సరిపడా ముందుగా చేరాలి. దివిసీమలో తుపాను షెల్టర్లు కట్టినవాళ్ళూ, ఊళ్ళో మైకు పట్టుకుని తిరిగే వాలంటీర్లూ ఆ చివరి మైలు కోసం పనిచేస్తున్నారు.